ఆర్‌కే3399 బోర్డు కొంటున్నారా? షాపువాళ్లు పంపే అప్‌డేట్ ఫైలు గుడ్డిగా ఎక్కించకండి

ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. షాపు పేరు చెప్పను గానీ ఆన్‌లైన్‌లో బోర్డులు కొనేవాళ్లకి ఎవరో అర్థమైపోతుంది. భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుల మీద రాత్రిళ్లు నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే ఫోన్‌కి మెసేజ్ పంపే పెట్టె ఒకటి చేద్దామని ఆర్‌కే3399 చిప్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డు తెప్పించాను, 9,000 పైనే అయింది. "లైనక్స్ 6.1, కెర్నల్ అప్‌డేట్లు మేమే ఇస్తాం" అని పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది (కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం). బోర్డు వచ్చాక చూస్తే పాత 4.4 వెర్షన్! దాని అధికారిక సపోర్ట్, అంటే సెక్యూరిటీ సవరణలు ఇవ్వడం, 2022 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది, రాత్రీ పగలూ ఇంటర్నెట్‌లో ఉండే పెట్టెలో అది ఎలా పెడతాం?

అడిగితే ఒక ఇమేజ్ (బోర్డులోకి ఎక్కించే మొత్తం సాఫ్ట్‌వేర్ ఫైలు) పంపారు. ఎక్కించాక 6.1 అని చూపించింది గానీ వైఫై పోయింది. మాడ్యూల్స్ (కెర్నల్ విడిగా లోడ్ చేసుకునే డ్రైవర్ ఫైళ్లు) ఉండే చోట చూస్తే 4.4 ఫోల్డర్ ఒక్కటే ఉంది. అంటే పాత రూట్ ఫైల్ సిస్టమ్ (కెర్నల్ కాక మిగతా సిస్టమ్ ఫైళ్లు) అలాగే ఉంచి కొత్త కెర్నల్ ఒక్కటే మార్చి పంపారన్నమాట. కెర్నల్‌కి సరిపోయే మాడ్యూల్స్ లేకపోతే డ్రైవర్లు ఎక్కడి నుంచి వస్తాయి? బోర్డులు అమ్మేవాళ్లకి ఈ మాత్రం తెలియదా?

మళ్లీ మెయిల్ పెడితే రెండో ఇమేజ్ వచ్చింది, "నేరుగా ఈఎమ్ఎమ్‌సీలోకి రాసేయండి" అని వాళ్లే రాశారు (ఈఎమ్ఎమ్‌సీ అంటే బోర్డు మీదే ఉండే స్టోరేజ్). రాశాను, అంతే, బోర్డు మళ్లీ లేవలేదు. బూట్ మెసేజ్‌లు చూపించే సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే డీడీఆర్3 (ఒక రకం మెమరీ) అని ఒక లైను వచ్చి అక్కడే ఆగిపోతోంది, కెర్నల్‌ని లోడ్ చేసే యూబూట్ దాకా కూడా రావట్లేదు. నా బోర్డులో ఉన్న మెమరీ వేరే రకం, ఎల్‌పీడీడీఆర్4. వేరే మోడల్ ఇమేజ్ నాకు అంటగట్టారు. ఈ చిప్ ఎస్‌డీ కార్డు కన్నా ముందు ఈఎమ్ఎమ్‌సీనే చూసి, అక్కడి తప్పు ఇమేజ్ దగ్గరే ఆగిపోతోంది కాబట్టి కార్డు పెట్టినా లాభం లేదు.

ఫోన్ చేస్తే "ఫ్లాష్ చేసింది మీరే కదా సార్, వారంటీ పోయింది" అన్నాడు. వాళ్ల మెయిలే వాళ్లకి చదివి వినిపించాను. "ఫైలు ఇచ్చాం సార్, ఎక్కించమని బలవంతం చేశామా?" అన్నాడు! డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకే నాకు నిద్ర పట్టలేదు. నమ్మి చెప్పినట్టు చేసినవాడితో అనాల్సిన మాటేనా అది? పోనీ కెర్నల్ సోర్స్ కోడ్ ఇవ్వండి, నేనే బిల్డ్ చేసుకుంటానంటే "అది కంపెనీ సీక్రెట్" అన్నాడు. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ 2 లైసెన్స్‌తో వస్తుంది, బైనరీ (బిల్డ్ చేసిన ఫైలు) ఇచ్చినవాళ్లు సోర్స్ అడిగితే ఇచ్చి తీరాలి, అందులో సీక్రెట్ ఏముంది? లేవని బోర్డులోకి కూడా యూఎస్‌బీతో మళ్లీ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోగలిగే మాస్క్‌రామ్ మోడ్‌లోకి వెళ్లడానికి ఏ పిన్ షార్ట్ చేయాలో అదైనా చెప్పండి అంటుండగానే ఫోన్ పెట్టేశాడు.

కొనేముందు కెర్నల్ సోర్స్ లింకు, స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) అడగండి, ఇవ్వకపోతే కొనకండి. బోర్డు రాగానే ఈఎమ్ఎమ్‌సీ మొత్తం డీడీ కమాండ్‌తో కాపీ తీసి పెట్టుకోండి. ఈఎమ్ఎమ్‌సీలో ఉన్నది బాగుండగానే, ఏ ఇమేజ్ అయినా ముందు ఎస్‌డీ కార్డు మీదే బూట్ చేసి చూడండి. ఇప్పటికే వీళ్ల దగ్గర ఇరుక్కున్నవాళ్లు ఆ మెయిళ్లు డిలీట్ చేయకండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేసేటప్పుడు అవే కావాలి.