బైనాక్యులరా, కెమెరానా? పిట్టలు చూడటం మొదలుపెట్టేవారికి ఏది మేలు

పిట్టల మీద మనసు పడినవాళ్లు మొదట అడిగేది, ఏ కెమెరా కొనాలి అని. నేనైతే ముందు బైనాక్యులర్ కొనమంటాను. అయితే పిట్టల్ని ఎక్కువగా చూసేది ఇంటి దగ్గరా, ప్రయాణాల్లోనా అన్నదాన్ని బట్టి ఈ సలహా కొంత మారుతుంది.

ఇంటి దగ్గర చెరువు సంగతే తీసుకోండి. హైదరాబాద్‌లో అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. అంత పేరున్న చెరువే అక్కర్లేదు, ఊరి బయట నాలుగు తుమ్మచెట్లున్న కుంట చాలు. అక్కడ రోజూ కనబడేవి దాదాపు అవే పిట్టలు కాబట్టి, చూడాల్సింది వాటి పనులు. పసిరిక పిట్ట తేనెటీగను పట్టుకొచ్చి, కొమ్మకేసి కొట్టి ముల్లు వదిలించి మింగుతుంది. మళ్లీ ఎగిరి అదే కొమ్మకు వస్తుంది. కెమెరా కన్నంలోంచి చూస్తే ఆ కొమ్మ ఒక్కటే కనిపిస్తుంది, పిట్ట ఎటు ఎగిరిందో తెలియదు. బైనాక్యులర్‌లో దాని వెంటే వెళ్లొచ్చు.

తీతువు పిట్ట విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. అది గులకరాళ్లలా కనిపించే గుడ్లను వట్టి నేల మీదే పెడుతుంది. ఎండాకాలంలో పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుని చల్లబరుస్తుంది. దీన్ని చూడాలంటే బాగా దూరంగా, కదలకుండా ఉండాలి. చేతిలో కెమెరా ఉంటే ఇంకో రెండడుగులు ముందుకెళ్దాం అనిపిస్తుంది. తీతువు అరుస్తూ నెత్తి మీద తిరిగిందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. అది లేచిపోయినంత సేపూ గుడ్లు ఎండకు మాడతాయి. ఫోటో కోసం అక్కడ నిలబడటం ఏ విధంగానూ సరి కాదు.

బైనాక్యులర్ కొనేటప్పుడు 8×42 అడగండి. 8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 10×42లో పిట్ట ఇంకాస్త పెద్దగా కనబడుతుంది గానీ చెయ్యి వణుకు కూడా అంతే పెరుగుతుంది, కనిపించే మేర తగ్గుతుంది. జేబులో పట్టే 10×25 తెల్లవారుజామున మసకగా ఉంటుంది. వంద రెట్ల జూమ్ అని ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మే బైనాక్యులర్ల జోలికి అసలు వెళ్లొద్దు. కళ్లద్దాలున్నవాళ్లు వాటితోనే చూసి, బొమ్మ అంచులదాకా కనిపిస్తోందో లేదో షాపులోనే సరిచూసుకోవాలి.

ప్రయాణాల్లో లెక్క మారుతుంది. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో నీళ్లలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులతో పాటు ఎర్రకాళ్ల కొంగలూ ఉంటాయి, వాటిని ఊరివాళ్లే కాపాడుకుంటున్నారు. పెద్ద పిట్టలు, ఒకచోటే ఉంటాయి, ఏడాదికోసారి వెళ్తాం. అక్కడ కెమెరాదే పైచేయి. ఉప్పలపాడులో మామూలు 300 ఎంఎం లెన్సుతోనూ (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనబడుతుంది) మంచి ఫోటోలొస్తాయి.

పులికాట్ సరస్సు సంగతి వేరు. శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా నీళ్లుంటాయి, ఫ్లెమింగోలు మాత్రం చాలాసార్లు దూరంగానే మేస్తుంటాయి. పొద్దెక్కాక నీళ్ల మీద వేడికి గాలి అలలు అలలుగా కదిలి, ఎంత ఖరీదైన లెన్సులోనైనా బొమ్మ చెదురుతుంది. ఉదయాన్నే వెళ్లి, బండి పక్కకు ఆపి లోపలినుంచే తీయండి. మనిషి దిగితే లేచిపోయే పిట్టలు కారును అంతగా పట్టించుకోవు.

కెమెరా నిజంగా గెలిచే చోటు ఇంకొకటుంది. బురదలో తిరిగే ఉల్లంకులు, నెత్తి మీదుగా దూసుకెళ్లే డేగలు, అప్పటికప్పుడు పోల్చుకోవడం కొత్తవాళ్లకు దాదాపు కుదరదు. ఫోటో ఉంటే ముక్కు పొడవు, రెక్క కింది చారలు ఇంటికొచ్చాక పుస్తకంతో పోల్చుకోవచ్చు. దీనికి ఫోటో అందంగా రానక్కర్లేదు.

ఏ కెమెరా? నికాన్ పి950 లాంటి సూపర్‌జూమ్ ఒక్క కిలోలో 83 రెట్ల జూమ్ ఇస్తుంది, విడిగా లెన్సు కొనే పని లేదు. దాని సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే భాగం) చిన్నది కాబట్టి వెలుతురు తగ్గితే ఫోటో గరుకుగా వస్తుంది, ఎగిరే పిట్ట దొరకడం కష్టం. 150-600 ఎంఎం లెన్సు ఈ రెండింట్లోనూ మెరుగు, కానీ లెన్సే సుమారు రెండు కిలోలు, ధర కూడా ఎక్కువ. కుటుంబంతో తిరిగేవాళ్లకు సూపర్‌జూమే నయం. ఎగిరే పిట్టల ఫోటోలే కావాలంటే లెన్సు తప్పదు, అలాంటి లెన్సులు హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల్లో రోజు అద్దెకు దొరుకుతాయి. అందుకే ఉన్న డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనుక్కుని, నేలపట్టు వెళ్లే వారానికి లెన్సు అద్దెకు తెచ్చుకోమంటాను. దాంతో ముందు రోజు ఇంటి దగ్గర కాకుల మీదో, గోరింకల మీదో కాస్త సాధన చేసి వెళ్లండి.