పాత మైన్‌క్రాఫ్ట్ మ్యాపులు ‘ప్లేయబుల్ కాపీ’ అని అమ్ముతున్నాడు, డబ్బు పంపేముందు ఇది చదవండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మైన్‌క్రాఫ్ట్ (బ్లాకులు పేర్చి లోకాలు కట్టుకునే కంప్యూటర్ ఆట) ఆడే మనవాళ్లు చాలామంది ఒకతను పెట్టిన ఈ ప్రకటన చూసే ఉంటారు. మూతపడిన పాత సర్వర్లలోని, అంటే పదిమంది నెట్‌లో కలిసి ఆడే కంప్యూటర్లలోని, చాలెంజ్ మ్యాపులన్నీ (ఆటగాళ్లు కట్టిన పందెం లోకాలు) తన దగ్గర భద్రంగా ఉన్నాయట, మ్యాపుకి ఇంత అని యూపీఐలో కొడితే జిప్ ఫైలు పంపుతాడట. దయచేసి కొనకండి. మేం నలుగురం కలిసి వేసుకుని కొన్నాం. వచ్చినదాంట్లో గోడలున్నాయి, ఆట లేదు.

సంగతేంటంటే, మేం ఆడిన సర్వర్‌ని అద్దెకిచ్చినవాడు ఒకరోజు చెప్పాపెట్టకుండా దుకాణం మూసేశాడు. అందులో మా గ్యాంగ్ కట్టిన మ్యాపులు మైన్‌క్రాఫ్ట్ పాత 1.12.2 వెర్షన్‌లో ఉండేవి. మహేంద్రగిరి కొండని గెంతుకుంటూ ఎక్కే పార్కూర్ ఒకటి, నౌపడా నుంచి గుణుపురం దాకా పాత నేరోగేజ్ లైను మీద మైన్‌కార్టులో వెళ్తూ స్టేషన్ స్టేషన్‌కీ ఒక పజిల్ విప్పే మ్యాపు ఇంకొకటి. 1900లో మొదలైన ఆ చిన్న రైలు 2004లో గేజ్ మార్పు కోసం ఆగిపోయింది, మాలో చాలామందికి అది ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగా విన్నదే. అందుకే ఆ ప్రకటనలో మా మ్యాపు స్క్రీన్‌షాట్ కనబడేసరికి ఎవరూ ఆగలేకపోయారు. మనం కట్టింది మనకే అమ్ముతున్నాడన్న కోపం కూడా అప్పుడు రాలేదు, దొరికింది చాలనుకున్నాం.

జిప్ విప్పి వరల్డ్ తెరిస్తే చూడ్డానికి అంతా బాగానే ఉంది. పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి, సైన్ బోర్డుల మీద తెలుగు రాతలు కూడా అలాగే ఉన్నాయి. బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. తలుపు తెరుచుకోదు, టైమర్ తిరగదు, స్కోర్ పడదు. అతన్ని అడిగితే ‘అన్నా, సర్వర్ సెట్టింగ్స్‌లో కమాండ్ బ్లాక్స్ ఆన్ చేసుకోండి’ అన్నాడు. కమాండ్ బ్లాకంటే లోపల రాసిన ఆదేశాన్ని నడిపే బ్లాకు, మా తలుపులు, టైమర్లు నడిచేది వాటితోనే. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ వెర్షన్‌లో సర్వర్ ప్రాపర్టీస్ అనే సెట్టింగ్స్ ఫైల్లో కమాండ్ బ్లాకులు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి, మనమే ట్రూ అని పెట్టుకోవాలి. పెట్టాం. అయినా అంతే. తర్వాత జావా (సర్వర్ నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) వెర్షన్ తప్పన్నాడు, 1.12.2 సర్వర్‌కి జావా 8 కావాలి కాబట్టి అదీ వేశాం. చివరికి మా తమ్ముడొకడు ఆపరేటర్ (సర్వర్ నిర్వాహకుడి) హక్కులతో, ఏదైనా మార్చగలిగే క్రియేటివ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్కో కమాండ్ బ్లాకూ తెరిచి చూస్తే అన్నీ ఖాళీ. లోపల ఒక్క అక్షరం లేదు. పెట్టెలు కూడా చాలావరకు ఖాళీయే.

ఇలా ఎందుకవుతుందో కొంచెం తెలిసినవాళ్లకి అర్థమైపోయే ఉంటుంది. ఇతని దగ్గర సర్వర్ ఫైళ్లు ఎప్పుడూ లేవు. మామూలు ప్లేయర్‌లా లోపలికొచ్చి, తన కంప్యూటర్లోనే పనిచేస్తూ సర్వర్ పంపినదాన్ని దాచుకునే వరల్డ్ డౌన్‌లోడర్ మాడ్ (ఆటకి తగిలించే అదనపు ప్రోగ్రాం) పెట్టుకుని మ్యాపంతా తిరిగాడు. సర్వర్ మన కంప్యూటర్‌కి మన చుట్టుపక్కల ఉన్న బ్లాకుల్నే పంపుతుంది. కమాండ్ బ్లాకు లోపలి రాత ఆపరేటర్ కానివాళ్లకి పంపదు, పెట్టెలో ఏముందో ఆ పెట్టె తెరిచినప్పుడే పంపుతుంది. చెక్‌పాయింట్లు, రికార్డు టైములు ప్లగిన్‌లతో (సర్వర్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు) నడిపి ఉంటే ఆ లెక్కంతా సర్వర్‌లోని ప్లగిన్స్ ఫోల్డర్లో ఉంటుంది, అది బయటికి వచ్చే మార్గమే లేదు. అంటే ఈ పద్ధతిలో తీసిన కాపీ ఏదైనా సినిమా సెట్టు లాంటిదే, ముందు గోడ తప్ప వెనక గది ఉండదు.

పార్కూర్ మ్యాపుతో ఇంకో మోసం. దాన్లో కమాండ్లు పెద్దగా లేవు కాబట్టి అదైనా దక్కిందనుకుంటే, ఈ మహానుభావుడు దాన్ని కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసి పంపాడు. ఒకసారి అలా మారాక వెనక్కి రాదు. 1.14లో వంగి నడిచే ఎత్తు ఒకటిన్నర బ్లాకుకి తగ్గింది, దాంతో మేం స్లాబు (సగం ఎత్తు బ్లాకు) పెట్టి మూసిన అడ్డదారుల్లోంచి ఇప్పుడు ఎవరైనా వంగి దూరిపోవచ్చు. సగం కొండ ఎక్కకుండానే శిఖరం! కమాండ్లున్న మ్యాపులకైతే 1.13 దాటితే ఇంకా ఘోరం. ఎగ్జిక్యూట్ అనే కమాండ్ రాసే పద్ధతే మారింది, టెస్ట్‌ఫర్ అనే కమాండ్‌ని ఏకంగా తీసేశారు, బ్లాకుల్లో ఉన్న పాత రాత దానంతట అది మారదు.

ఎవరి దగ్గరైనా కొనాల్సే వస్తే వీడియో చూసి ఒప్పుకోకండి, వీడియో సర్వర్ బతికున్నప్పుడు తీసిందీ కావచ్చు. అతని సర్వర్‌లోకి మిమ్మల్ని పిలిచి, ఆపరేటర్ హక్కులు లేని మీ అకౌంట్‌తో మ్యాపు మొదటినుంచి చివరిదాకా ఆడనివ్వమనండి. తర్వాత ఫోల్డర్ చూపించమనండి. బ్లాకులుండే రీజియన్ ఫోల్డర్ ఒక్కటే చాలదు, డేటా ఫోల్డర్లో స్కోర్‌బోర్డ్ ఫైలు ఉందా, ప్లగిన్లు వాడిన మ్యాపైతే వాటి ఫోల్డర్ ఇస్తున్నాడా, బొమ్మలు, శబ్దాలుండే రిసోర్స్ ప్యాక్ జిప్ విడిగా ఉందా లేక ఎప్పుడో చచ్చిపోయిన లింకు మాత్రమే ఉందా చూడండి. సింగిల్ ప్లేయర్ లిస్టులో వరల్డ్ పేరు కింద వెర్షన్ కనిపిస్తుంది, అది చెప్పిన వెర్షన్ కాకపోతే అక్కడితో ఆపేయండి. మొత్తం ఆడాకే డబ్బు.

మాకొచ్చిన జిప్‌లో ‘రెడీమేడ్ సర్వర్’ అని ఒక జార్ ఫైలు, ఒక బ్యాట్ ఫైలు కూడా ఉన్నాయి, రెండూ మన కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములు. వాటిని అస్సలు నడపకండి. మీకు కావాల్సింది వరల్డ్ ఫోల్డర్ ఒక్కటే, సర్వర్ జార్ మైన్‌క్రాఫ్ట్ తయారుచేసే మోజాంగ్ దగ్గరినుంచే తెచ్చుకోండి. అదైనా పాత వెర్షన్ కాబట్టి 2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌4జే (మైన్‌క్రాఫ్ట్ వాడే జావా లైబ్రరీ) భద్రతా లొసుగుకి మోజాంగ్ చెప్పిన సవరణ పెట్టకుండా బయటివాళ్లకి తెరవొద్దు.

ఇప్పుడు సర్వర్ నడుపుతున్నవాళ్లు ఈ రాత్రే ఒక పని చేయండి. సర్వర్ కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) సేవ్-ఆఫ్, తర్వాత సేవ్-ఆల్ కొట్టి, సేవ్ పూర్తయ్యాక సర్వర్ ఫోల్డర్ మొత్తం జార్‌తో సహా కాపీ చేసి, మళ్లీ సేవ్-ఆన్ పెట్టండి. 1.12.2 లాంటి పాత వెర్షన్లలో స్పిగాట్, పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్లకి ఆటలోని మిగతా రెండు లోకాలు నెదర్, ఎండ్ వేరే ఫోల్డర్లలో ఉంటాయి, అవి మర్చిపోతారు చాలామంది. ఆ కాపీ సర్వర్ అద్దెకిచ్చినవాడి దగ్గర కాదు, మీ హార్డ్ డిస్కులో ఉండాలి.

డబ్బు సంగతికొస్తే, రీఫండ్ అడగ్గానే మమ్మల్ని బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. కాబట్టి ఇతని దగ్గర కొన్నవాళ్లెవరైనా ఉంటే చాట్లు డిలీట్ చేయకుండా, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబరుతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసి పెడదాం.