17/18 గేజ్ కోయాక్సియల్ బయాప్సీ సెట్: కొన్నేళ్లు వాడాక

విజయనగరంలో సీటీ గైడెడ్ బయాప్సీలు (సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో ముక్క తీయడం) చేసే రేడియాలజిస్టుని. కొన్నేళ్లుగా ఊపిరితిత్తి గడ్డలకి కోయాక్సియల్ సెట్టే వాడుతున్నాను. బయట 17 గేజ్ గొట్టం సూది, అందులోంచి వెళ్లి ముక్క కోసే 18 గేజ్ సెమీ ఆటోమేటిక్ సూది. గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం. ఇక మీట నొక్కగానే దానంతటదే దూసుకెళ్లి ముక్క కోసే మామూలు గన్ జోలికి వెళ్లను.

ఒకప్పుడు క్యాన్సరా కాదా అని తేలితే చాలు. ఇప్పుడు అడినోకార్సినోమా (ఊపిరితిత్తి క్యాన్సర్లలో ఒక రకం) అనగానే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్1 జన్యువుల్లో మార్పులు, పీడీ-ఎల్1 ప్రొటీన్ అన్నీ ఆ కాస్త ముక్కలోనే చూడాలి. ఈజీఎఫ్ఆర్ మార్పు దొరికితే రోజూ వేసుకునే మాత్రలతోనే చికిత్స మొదలుపెట్టొచ్చు. "శాంపిల్ చాలలేదు" అని రిపోర్టు వస్తే ఆ దారి అక్కడే ఆగిపోతుంది. "ముక్క తీస్తే రోగం పాకిపోద్దంట కదా బాబూ" అని భయపడుతూనే ఒప్పుకున్న పాలకొండ పెద్దాయన్ని మళ్లీ సూదికి పడుకోబెట్టాలి. అలా వేరేచోట ముక్క చాలక నా దగ్గరికి వచ్చేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈ సెట్‌తో ఊపిరితిత్తి పైపొరని ఒక్కసారే గుచ్చుతాం. ఆ దారినే నాలుగైదు ముక్కలు తీయొచ్చు. విడి గన్‌తో అయితే ప్రతి ముక్కకీ కొత్త రంధ్రమే, గాలి లీకయ్యే టెన్షన్ కూడా ప్రతిసారీ కొత్తగానే. గొట్టాన్ని కొద్దిగా వాల్చి దిశ మారిస్తే గడ్డలో వేరే చోటు కూడా అందుతుంది. పెద్ద గడ్డలకి నడిమధ్య తరచూ చచ్చిన కణాలే ఉంటాయి, అక్కడ కోస్తే పసుపుపచ్చ ముద్ద వస్తుంది తప్ప పనికొచ్చే డీఎన్ఏ రాదు. అంచున తీసిన మంచి ముక్క తెల్లగా, తెగకుండా, ఫార్మాలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేయగానే మునుగుతుంది.

సూదిని ముందు చేత్తో నెట్టి, ముక్క పట్టే గాడి ఎక్కడుందో సీటీలో చూసుకున్నాకే మీట నొక్కొచ్చు. రక్తనాళం పక్కన పని చేసేటప్పుడు ఇది ఎంతో ధైర్యం. మీట నొక్కినప్పుడొచ్చే చప్పుడు మాత్రం పేషెంట్లని ఉలిక్కిపడేలా చేస్తుంది. అందుకే ముందే ఒకసారి బయట నొక్కి వినిపిస్తాను.

లోపాలూ ఉన్నాయి. బక్కపలచని వాళ్ల ఛాతీలో గొట్టం నిలవదు, వెనక బరువుకి వాలిపోతుంది. లోపలి సూది తీసినప్పుడల్లా గొట్టం మూతిని వేలితో మూయాలి. లేకపోతే గాలి రక్తంలోకి పోయే ప్రమాదం అరుదే అయినా ప్రాణాంతకం. ధర ఎక్కువ. అలాగని కడిగి మళ్లీ వాడకూడదు. ఇన్‌ఫెక్షన్ సంగతి అలా ఉంచినా, ఒకరి కణాలు ఇంకొకరి జన్యు పరీక్షలో కలిస్తే ఆ రిపోర్టుని ఎలా నమ్ముతాం?

ముక్కని పొడి గాజుగుడ్డ మీద పెట్టొద్దు, అంటుకుని చిరిగిపోతుంది. నేరుగా 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్‌లో వేసి, సీసా మీద టైమ్ రాయండి. కనీసం 6 గంటలు నానాలి, 72 దాటకూడదు. శనివారం సాయంత్రం తీసిన ముక్క విశాఖ ల్యాబుకి ఎప్పుడు చేరుతుందో ముందే కనుక్కోవాలి. ముక్కల్ని రెండు మైనపు బ్లాకుల్లో వేయమని, జన్యు పరీక్షకి మిగల్చమని ఫారంలో రాస్తాను.

కొనేటప్పుడు 10, 20 మిల్లీమీటర్లు రెండు కోత పొడవులూ ఉన్న మోడల్ చూసుకోండి. చిన్న గడ్డలకి 10 చాలు. రక్తనాళాలకి మరీ దగ్గరైతే 19/20 గేజ్ సెట్ తీసుకుని, ముక్కలు ఒకటి రెండు ఎక్కువ తీస్తాను.