పిజ్జా పక్కన ఏ బీరు మేలు: పిల్స్‌నరా, గోధుమ బీరా, స్ట్రాంగా?

సాదా చీజ్ పిజ్జాకి పిల్స్‌నర్, అంటే లేత రంగులో తేటగా, చేదుగా ఉండే బీరు. కారం వేసిన పిజ్జాకి గోధుమ బీరు. స్ట్రాంగ్ బీరు రెండింటికీ కుదరదు. బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, జయపురంలోనో పిజ్జా తెప్పించుకుని ఏ సీసా తియ్యాలా అని చూసేవాళ్లకు ముందే చెప్పాల్సిన మాట ఇది. సీసా ముందు కొని, పిజ్జా తర్వాత ఎంచుకోవడం మనకు అలవాటు. దాన్ని తిరగెయ్యాలి. పిజ్జా మీద ఏం వేశారో చూసి బీరు తియ్యాలి.

పిల్స్‌నర్ పుట్టింది ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియాలోని పిల్సెన్ ఊళ్లో, 1842లో. బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ అక్కడి ఉప్పులు తక్కువున్న నీళ్లతో, లేత రంగు బార్లీ మాల్టుతో (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు), సాజ్ అనే రకం హాప్స్‌తో (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) దాన్ని కాచాడు. పిల్స్‌నర్ లాగర్ రకం బీరు. లాగర్ ఈస్టు 8 నుంచి 12 డిగ్రీల చల్లదనంలో నెమ్మదిగా పులియబెడుతుంది. ఆ తర్వాత సున్నాకి దగ్గరగా వారాల తరబడి ఊరనిస్తారు. అందుకే పిల్స్‌నర్‌లో పళ్ల వాసనలు ఉండవు. మాల్టుది బ్రెడ్డు వాసన, హాప్స్‌ది గడ్డీ పూలూ కలిసిన వాసన, చివర్లో తేటగా తెగిపోయే చేదు, అంతే. చేదును ఐబీయూ అనే లెక్కలో కొలుస్తారు. మంచి పిల్స్‌నర్‌లో అది సుమారు 25 నుంచి 45 దాకా ఉంటుంది. గోధుమ బీరులో 8 నుంచి 20. ఈ తేడా మీదే మిగతా పోలికంతా ఆధారపడి ఉంది.

చీజ్‌లోని కొవ్వు నాలుక మీద పొరలా పేరుకుంటుంది. మూడో ముక్కకి రుచి మొద్దుబారేది అందుకే. పిల్స్‌నర్‌లోని గ్యాసు ఆ పొరను చెదరగొడుతుంది, చేదు నోటిని శుభ్రం చేసి మళ్లీ ఆకలి రేపుతుంది. ఇంకో సంగతి కూడా జరుగుతుంది. ఉప్పు చేదును అణిచేస్తుంది కాబట్టి, ఒట్టిగా తాగినప్పుడు గరుగ్గా అనిపించిన పిల్స్‌నరే ఉప్పటి చీజ్ తిన్నాక నెమ్మదిస్తుంది, వెనకున్న మాల్టు తీపి పైకి వస్తుంది. నమ్మకం కలగకపోతే వేయించిన బరంపురం అప్పడం ఒక ముక్క నమిలి గుక్క తాగి చూడండి. అదే తేడా అక్కడా తెలుస్తుంది.

సాస్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. టమాటాలు చిదిమి, ఉప్పు మాత్రం వేసిన సాస్ పులుపుకి పిల్స్‌నర్ చక్కగా నిలబడుతుంది. కెచప్ పూసిన పిజ్జాతో నిలబడలేదు. మిఠాయి తిన్న వెంటనే తాగిన టీ చప్పగా, వగరుగా అనిపించినట్టే, తియ్యటి సాస్ తర్వాత పిల్స్‌నర్ ఒట్టి చేదు నీళ్లలా మిగులుతుంది. అలాంటప్పుడు తప్పు బీరుది కాదు.

ఇక కారం. చేదు, గ్యాసు, ఆల్కహాల్ మూడూ కారాన్ని ఎగదోసేవే. మిరపలోని కాప్సైసిన్ నోట్లో వేడిని పసిగట్టే నరాల కొసల్ని రేపుతుంది. ఆల్కహాల్ కూడా అక్కడే పనిచేస్తుంది. పైగా కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో సరిగా కరగదు, బీరులో ఎక్కువ భాగం నీళ్లే. చల్లటి గుక్క కాసేపు ఊరటనిచ్చి, ఆ వెంటనే మంట ఎక్కువైనట్టు అనిపించేది ఇందుకే. పచ్చిమిర్చి ముక్కలు, చికెన్ టిక్కా, పైన రెండు పొట్లాల చిల్లీ ఫ్లేక్స్ వేసుకుని పిల్స్‌నర్ తాగితే పిజ్జా రుచి పోతుంది, బీరు రుచీ పోతుంది. పక్కన ఊరగాయ పెట్టుకున్నా ఇదే గతి.

ఇక్కడ గోధుమ బీరు గెలుస్తుంది. ఇందులో రెండు రకాలున్నాయి, రెండూ ఒకటి కావు. బెల్జియం పద్ధతి విట్‌లో మాల్టు చెయ్యని గోధుమలు, ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. జర్మనీ పద్ధతి వైస్‌బీర్‌లో కనీసం సగం గోధుమ మాల్టు ఉంటుంది, మసాలాలేమీ వెయ్యరు. అరటిపండు, లవంగం వాసనలు ఈస్టు నుంచే వస్తాయి. రెండింట్లోనూ చేదు తక్కువ, గోధుమ మాంసకృత్తుల వల్ల నోటికి మెత్తగా ఉంటాయి. పనీర్, చికెన్ టిక్కా పిజ్జాలకి విట్ మేలు, ఆ మసాలాలోనూ ధనియాలే ఉంటాయి కాబట్టి. గోపాల్‌పూర్ రొయ్యలు వేసి ఇంట్లో పిజ్జా చేసుకున్నా విట్టే తియ్యండి. రొయ్య తీపి సున్నితమైనది, పిల్స్‌నర్ చేదు కింద నలిగిపోతుంది. నారింజ తొక్క వాసన దానికి నిమ్మరసం పిండినట్టు పనిచేస్తుంది. వైస్‌బీర్ మాత్రం టమాటా పిజ్జాతో మాకు నచ్చదు. అరటిపండు వాసనకీ టమాటా పులుపుకీ పొత్తు కుదరదు. సాస్ లేకుండా చీజ్, పుట్టగొడుగులు మాత్రం వేసిన పిజ్జాతో బాగుంటుంది.

స్ట్రాంగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 8 శాతం ఉన్న 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 330 మి.లీ. పిల్స్‌నర్‌లో 16.5 మి.లీ. అంటే మూడు రెట్ల పైనే. కొవ్వును కోసే చేదు ఉండదు, కారాన్ని రేపే ఆల్కహాల్ మాత్రం దండిగా ఉంటుంది. పిజ్జాతో రుచి చూడ్డానికి ఇది పనికిరాదు.

పిల్స్‌నర్ అని నిర్ణయించుకుంటే సీసా ఎంపికే అసలు పరీక్ష. ఈ బీరులో లోపం దాక్కునే చోటు లేదు. ఆఫ్ షాపులో ముందు తయారీ తేదీ చూడండి. ఆరు నెలల గడువు రాసున్నా హాప్స్ వాసన మొదటి మూడు నెలల్లోనే బాగుంటుంది. మే నెలలో ఫ్రిజ్ బయట అరలో పడి ఉన్న సీసా ఇంకా త్వరగా ముసలిదవుతుంది, తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా వద్దు. ఎండ గానీ ట్యూబులైటు వెలుతురు గానీ తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి గంధకపు కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. ఉడికించిన మొక్కజొన్న కండె వాసన వస్తే అది దుకాణం తప్పు కాదు, కాచినవాళ్లు సరిగా మరిగించలేదు. లేత మాల్టులో ఆ వాసనకి మూలపదార్థం ఎక్కువ, అది ఆవిరై పోవాలని గంట నుంచి గంటన్నర మూత లేకుండా మరిగిస్తారు. వెన్న వాసన వస్తే ఈస్టుకి చివర్లో తగినంత సమయం ఇవ్వలేదన్నమాట. చెక్ పద్ధతిలో అది లేశమాత్రం ఉన్నా సహిస్తారు. కానీ చీజ్ దాన్ని కప్పేస్తుంది కాబట్టి, పిజ్జా డబ్బా తెరవకముందే గ్లాసు వాసన చూసెయ్యాలి.

రుచి చూసే పద్ధతి సులువే. బీరు 5 నుంచి 7 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి ఐదు నిమిషాలు ఆగితే చాలు, మన ఉక్కపోతలో అంతకన్నా ఆగొద్దు. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే 5 శాతం బీరు సున్నాకి రెండు మూడు డిగ్రీల దిగువన గడ్డకడుతుంది, సీసా పగలొచ్చు. మంచు పట్టించిన గ్లాసు కూడా వద్దు. నురగ అతిగా పొంగుతుంది, కరిగిన నీళ్లు బీరును పలచన చేస్తాయి. గ్లాసు సబ్బుతో కడిగి, బాగా తొలిచి, తడిగానే వాడండి. నూనె జిడ్డు ఏమాత్రం ఉన్నా నురగ నిలవదు. లోపలి గోడకి బుడగలు అంటుకుని కనిపిస్తే గ్లాసు శుభ్రంగా లేదని గుర్తు. గ్లాసు వంచి సగం పోసి, నిలబెట్టి మిగతాది పోస్తే రెండు మూడు వేళ్ల నురగ వస్తుంది. పిల్స్‌నర్‌కి, విట్‌కి విడిగా రెండు గ్లాసులు, ఒక్కోదాంట్లో 100 మి.లీ. చాలు. ముందు వాసన, తర్వాత బీరు ఒట్టిగా ఒక గుక్క, ఆ తర్వాత పిజ్జా, మళ్లీ గుక్క. మధ్యలో నీళ్లు, సాదా పావ్ ముక్క. కారం పిజ్జా చివర్లో తినండి, ముందే తింటే ఆ తర్వాత ఏ తేడా తెలియదు. గోధుమ బీరు సీసాలో అడుగున మడ్డి ఉంటే చివరి గుక్కెడుతో కదిపి పొయ్యండి, రుచి సగం అందులోనే ఉంది.

పిజ్జా ఇంట్లో చేస్తే మైదా 500 గ్రాములు, నీళ్లు 325, ఉప్పు 10, పొడి ఈస్టు ఒక గ్రాము. కలిపిన పిండి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి మూడు ఉండలు చెయ్యండి. ఓటీజీని (చిన్న కరెంటు ఓవెన్‌ని) 250 డిగ్రీల్లో పెట్టి, బోర్లించిన స్టీల్ ట్రేని అరగంట పైన కాగనివ్వాలి. పది అంగుళాల పిజ్జాకి మొజరెల్లా 80 గ్రాములు దాటొద్దు. దాటితే నూనె మడుగు కడుతుంది, ఏ పిల్స్‌నరూ దాన్ని కోయలేదు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. ఒడిశాలో 21 ఏళ్లు నిండాలి. మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లాలో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ఎత్తేశారు కాబట్టి బల్లార్షా వాళ్లకు ఇబ్బంది లేదు. గడ్చిరోలిలో 1993 నుంచీ మద్యనిషేధం ఉంది. సిరొంచ వాళ్లు గోదావరి అవతల తెలంగాణే కదా అని సీసా తెస్తే కేసు అవుతుంది. అక్కడ చక్కెర వెయ్యని ఉప్పు నిమ్మకాయ సోడా పెట్టుకోండి. గ్యాసు, పులుపు కలిసి చీజ్ కొవ్వును బాగానే కోస్తాయి.

తెరిచిన సీసా రేపటికి దాచొద్దు, గ్యాసు పోతుంది. మిగిలింది విట్ అయితే తర్వాతి పిండిలో సగం నీళ్ల బదులు పోసుకోవచ్చు. పిల్స్‌నర్ పోస్తే చేదు రొట్టెలోకి దిగుతుంది.