2 కేబీ ర్యామ్‌లో ఓఎల్ఈడీ, జీపీఎస్: యూ8జీ2, ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ చాన్నాళ్లు వాడాక

ఆర్డుయినో నానో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, 0.96 అంగుళాల ఓఎల్ఈడీ తెర, నియో-6ఎం జీపీఎస్ మాడ్యూల్. చాన్నాళ్లుగా నా స్కూటర్ మీద తిరుగుతున్న స్పీడోమీటర్‌లో ఉన్నవి ఇవే. వైరింగ్ పది నిమిషాల పని. తల బద్దలయ్యేది లైబ్రరీల (తెరనీ జీపీఎస్‌నీ నడిపే రెడీమేడ్ కోడ్) దగ్గరే. నేను తెరకు యూ8జీ2, జీపీఎస్‌కు ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ వాడతాను.

నానోలోని ఏటీమెగా328పీ చిప్‌కి ఉన్న ర్యామ్ 2048 బైట్లు. 128×64 తెర మొత్తాన్ని అందులో ఉంచుకుంటే 1024 బైట్లు పోతాయి. ఎడాఫ్రూట్ ఎస్ఎస్‌డీ1306 లైబ్రరీది ఆ పద్ధతే. ఆ చోటును అది ప్రోగ్రామ్ మొదలయ్యాక తీసుకుంటుంది కాబట్టి కంపైల్ లెక్కలో కనపడదు. ‘60 శాతమే వాడారు’ అని ఐడీఈ (కోడ్ రాసి కంపైల్ చేసే సాఫ్ట్‌వేర్) చెప్పినా తెర వెలగదు. తెరను మొదలుపెట్టే బిగిన్ ఫంక్షన్ ఇచ్చే జవాబును (చోటు దొరికిందో లేదో) తప్పక చూసుకోవాలి. కమాండ్లు మాత్రం చాలా తేలిక. ర్యామ్ ఎక్కువున్న ఈఎస్‌పీ32 బోర్డు మీద నేనూ అదే వాడతాను.

నానోకి మాత్రం యూ8జీ2నే. పేజీ పద్ధతిలో తెరను ఎనిమిది అడ్డపట్టీలుగా, 128 బైట్లతోనే గీస్తుంది. అందుకు మూల్యం, గీసే కోడ్ ప్రతి ఫ్రేముకూ ఎనిమిదిసార్లు నడవడం. ఆ లూప్‌లో జీపీఎస్ చదివితే అంకె పైసగం 38, కిందిసగం 39 అవుతుంది. విలువను ముందే పట్టుకుని లోపలికి వెళ్లాలి. ఏ తెరో, ఏ పద్ధతో చెప్పే కన్‌స్ట్రక్టర్ల పేర్లు గూడ్సు బండంత పొడుగు. మధ్యలో ‘1’ బదులు ‘ఎఫ్’ పడిందా, మళ్లీ 1024 బైట్లు హరీ. తెలుగులో ‘వేగం’ అని రాయాలంటే ఒత్తులూ గుణింతాలూ కలిపే ఏర్పాటు దీంట్లో లేదు. నేను దాన్ని బొమ్మగా గీసి పెట్టుకున్నాను.

ఇక సీరియల్, అంటే జీపీఎస్ నుంచి డేటా ఒక్కో బిట్‌గా వచ్చే దారి. నానోకి ఉన్న ఒక్క హార్డ్‌వేర్ సీరియల్ యూఎస్‌బీకే సరి. సాఫ్ట్‌వేర్‌సీరియల్‌ను దాదాపు ఏ పిన్నుకైనా తగిలించొచ్చు, కానీ ఒక్కో బైటు అందుకునేంతసేపూ మిగతా ఇంటరప్టులను (చేస్తున్న పని ఆపి ముందు తమను చూడమనే సంకేతాలు) ఆపేస్తుంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల వేగం) వద్ద అది సుమారు ఒక మిల్లీసెకను. వచ్చిన డేటాను దాచే దాని బఫర్ 64 బైట్లు. తెర గీసే లోపే నిండిపోయి జీపీఎస్ వాక్యాలు (అది పంపే డేటా వరుసలు) తెగుతాయి. ఆల్ట్‌సాఫ్ట్‌సీరియల్ చిప్‌లోని టైమర్1 సాయంతో నడుస్తుంది కాబట్టి ఇంటరప్టుల గొడవ చాలావరకు తీరుతుంది. బఫర్ దీనిదీ పెద్దదేం కాదు. నియో-6ఎం సెకనుకోసారి గబగబా చెప్పేసి ఊరుకుంటుంది. ఆ మౌనంలో తెర గీస్తే ఏ వాక్యమూ తెగదు.

పిన్నులు మాత్రం 8, 9 అని ఖాయం. పదో పిన్ను పీడబ్ల్యూఎం (వెలుగు, వేగం లాంటివి తగ్గించి పెంచే పల్సులు) పోతుంది, సర్వో మోటార్లను తిప్పే సర్వో లైబ్రరీతోనూ పొసగదు. సర్వో కూడా కావాలంటే నానోతో కుస్తీ పట్టకుండా నాలుగు హార్డ్‌వేర్ సీరియల్ పోర్టులున్న ఆర్డుయినో మెగా బోర్డు కొనుక్కోండి.