జీడిపప్పు లెక్కలకు లిస్ప్: కొన్నేళ్లు వాడాక ఏది ఉంచాను, ఏది తీసేశాను

లిస్ప్ కుటుంబం ప్రోగ్రామింగ్ భాషల్లో (కోడంతా బ్రాకెట్లలో రాసేవి) వెబ్ అప్లికేషన్ రాయాలనుకునేవాళ్లకు మొదటి చిక్కు బ్రాకెట్లతో రాదు. "దీంట్లో జాంగో లాంటిది ఏది?" అని వెతకడంతో వస్తుంది. జాంగో అంటే పైథాన్ భాషలో వెబ్‌కి కావలసినవన్నీ కలిపి ఇచ్చేది. ఇక్కడ అలాంటిది పెద్దగా లేదు. రూటింగుకి (ఏ చిరునామాకి ఏ ఫంక్షన్ అని తేల్చడానికి) ఒక లైబ్రరీ, పేజీలకు ఇంకొకటి, డేటాబేస్‌కి మరొకటి, అన్నీ మనమే ఏరుకుని కలుపుకోవాలి. ఆ ఏరుకోవడం గురించే ఈ సమీక్ష.

నేను విజయనగరంలో ఉంటాను. పలాస వైపు జీడిపప్పు వ్యాపారులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తాను. ఉద్దానం రైతు దగ్గర 80 కిలోల బస్తా లెక్కన పిక్కలు కొన్న దగ్గర్నుంచి కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ దాటి గుండు ఎంత, బద్ద ఎంత, సైజు గ్రేడుల్లో డబ్ల్యు 240 ఎంత, 320 ఎంత అని తేలేదాకా అన్నీ అందులో ఎక్కుతాయి. మొదట కామన్ లిస్ప్‌లో నడిపాను, తర్వాత క్లోజర్‌కి మారాను. రెండూ లిస్ప్ కుటుంబమే.

కామన్ లిస్ప్‌ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. దాని ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణం 1994లో ఖరారైంది, ఆనాటి కోడ్ చాలావరకు ఇప్పటికీ నడుస్తుంది. ఎస్‌బీసీఎల్ కంపైలర్ నేరుగా మెషీన్ కోడ్ ఇస్తుంది, మొత్తం అప్లికేషన్‌ని ఒకే ఫైలుగా కట్టి సర్వర్‌లో పడేయొచ్చు. హంచెన్‌టూట్ సర్వర్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో థ్రెడ్ తీసుకుంటుంది. గుమస్తాలు పాతిక మంది వాడే సాఫ్ట్‌వేర్‌కి అది ఎక్కువే. రేపు పొద్దున్న సర్వర్ మార్చాల్సి వస్తుందేమో అనిపిస్తే మధ్యలో క్లాక్ అనే పొర పెట్టుకుంటే చాలు, హంచెన్‌టూట్ తీసి వూ అనే సర్వర్ పెట్టినా మన కోడ్ పెద్దగా మారదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పాత ఎస్‌బీసీఎల్ వెర్షన్లలో సర్వర్ లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) సరిగ్గా లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అక్షరాల ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని మనమే గట్టిగా చెప్పాలి.

మరి ఎందుకు మారాను? ఎక్సెల్ కోసం. ఆడిటర్‌కి ఎక్సెల్ ఫైలు కావాలి, వ్యాపారికి ఎక్సెల్ కావాలి, బ్యాంకుకీ అదే కావాలి. కామన్ లిస్ప్‌లో దానికి దొరికినవాటితో నేను సరిపెట్టుకోలేకపోయాను. క్లోజర్ జావా మెషీన్ మీద నడుస్తుంది కాబట్టి ఎక్సెల్ ఫైళ్లు చదివి రాసే జావా లైబ్రరీ అపాచీ పీఓఐ ఉంది, దాని మీద డాక్‌జూర్ అనే చిన్న తొడుగు ఉంది. ఎక్సెల్ పని ఒక మధ్యాహ్నంలో తేలిపోయింది. రిచ్ హికీ 2007లో ఈ భాషను బయటపెట్టినప్పుడు జావా మీద కట్టడం చాలామంది లిస్ప్ ప్రేమికులకు నచ్చలేదంటారు. సీజన్లో పని చేసేవాడికి అదే దాని అసలు బలం.

క్లోజర్ వెబ్‌లో చాలావాటికి పునాది రింగ్ అనే లైబ్రరీ. రిక్వెస్ట్ వస్తే అది మామూలు మ్యాప్ (పేరు, విలువ జతల మూట). మనం తిరిగి ఇచ్చేదీ మ్యాపే: స్టేటస్, హెడర్లు, బాడీ, అంతే. సర్వర్ లేపకుండానే ఒక మ్యాప్ చేత్తో రాసి ఫంక్షన్‌కి ఇచ్చి ఏం వస్తుందో చూసుకోవచ్చు. దీని విలువ మొదటి నెలలో తెలియదు. తర్వాతెప్పుడో ఒక బిల్లు ఎందుకు తప్పిందో వెతికేటప్పుడు తెలుస్తుంది.

రూటింగుకి మొదట కంపోజూర్ వాడాను. చిన్న పనికి హాయిగా ఉంటుంది, కానీ పై నుంచి కిందికి వరసగా చూసుకుంటూ పోతుంది. రెండు దారులు ఒకే చిరునామాకి తగిలితే పైనున్నది నిశ్శబ్దంగా గెలుస్తుంది. రెయిటిట్ అనే లైబ్రరీలో రూట్లన్నీ వెక్టర్లుగా (వరస జాబితాలుగా) రాసిన డేటా. రెండు దారులు ఢీకొంటే అప్లికేషన్ లేవకముందే కేకేస్తుంది. పేజీలు యాభై దాటాక రెయిటిట్ తప్ప వేరేది వద్దనిపించింది.

పేజీలకు హికప్ అనే లైబ్రరీ. హెచ్‌టీఎంఎల్‌ని వెక్టర్లుగా రాస్తాం, కాబట్టి గ్రేడుల పట్టిక ఒక ఫంక్షన్, బిల్లు తల ఇంకో ఫంక్షన్. పాత హికప్ పద్ధతిలో వాడుకరి టైపు చేసింది తనంతట తాను ఎస్కేప్ అవదు (అంటే అందులోని హెచ్‌టీఎంఎల్ గుర్తులు మామూలు అక్షరాలుగా మారవు), మనమే గుర్తుపెట్టుకుని చేయాలి. హికప్2 నేమ్‌స్పేస్ వాడితే అదే చేసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాతదాని జోలికి పోవద్దు.

డేటాబేస్‌తో మాట్లాడటానికి నెక్స్ట్ జేడీబీసీ, దాని పక్కన ప్రశ్నలను (ఎస్‌క్యూఎల్) మ్యాప్‌లుగా రాయనిచ్చే హనీఎస్‌క్యూఎల్. తేదీ, గ్రేడు, పార్టీ పేరు, ఊరు, వీటిలో గుమస్తా ఏది నింపితే దాన్నిబట్టి వెతకాలి. ఎస్‌క్యూఎల్ వాక్యాలను ముక్కలుగా అతికించే బదులు మ్యాప్‌కి ఒక్కో షరతు చేర్చుకుంటూ పోవడమే. హనీఎస్‌క్యూఎల్ రెండో వెర్షన్ వేరే నేమ్‌స్పేస్‌తో వచ్చింది. అందుకని పాతదీ కొత్తదీ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే ఉండగలవు. పిక్కల సీజన్ మధ్యలో అంతా ఆపి అప్‌గ్రేడ్ చేయాల్సిన టెన్షన్ లేదు. నేను లైబ్రరీని ఎంచుకునేటప్పుడు గిట్‌హబ్ నక్షత్రాల కన్నా ఈ మర్యాదనే చూస్తాను.

ఇక డబ్బు లెక్కలు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఏ ట్యుటోరియల్లోనూ ఇది ఉండదు. లిస్ప్‌లో 1000ని 3తో భాగిస్తే 1000/3 అనే భిన్నమే వస్తుంది, దశాంశాల్లో పైసా పోదు. రెండు భాషల్లోనూ ఇది వరమే. కానీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని న్యూమరిక్ కాలమ్ క్లోజర్‌లోకి బిగ్‌డెసిమల్‌గా (దశాంశ సంఖ్యగా) వస్తుంది. అలా వచ్చిన 1000ని ముగ్గురు వాటాదారులకు పంచమంటే, దశాంశం ఎక్కడా తెగడం లేదని ఎర్రర్ విసిరి ఆగిపోతుంది. నా పద్ధతి ఏమిటంటే పైసల్లో పూర్ణసంఖ్యగా దాచడం, భిన్నాలతో లెక్కకట్టడం, చివర్లో ఒక్కసారే రౌండ్ చేయడం. రౌండ్ దగ్గర కూడా మెలిక ఉంది. కామన్ లిస్ప్ రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం వచ్చినప్పుడు సరిసంఖ్య వైపు పోతుంది, రెండున్నర రెండు అవుతుంది. మన గుమస్తాలకు అర్ధరూపాయి ఎప్పుడూ పైకే పోవాలి. క్లోజర్‌లో జావా హాఫ్ అప్ పద్ధతి చెబితే సరిపోతుంది.

లక్షల కామాలు ఇంకో కథ. జావా డెసిమల్ ఫార్మాట్ మూడేసి అంకెలకే కామా పెడుతుంది, కామన్ లిస్ప్ ఫార్మాట్‌దీ అంతే. 100,000 అని బిల్లు మీద చూసి ఒక పెద్దాయన "ఏటి బాబూ, లచ్చ ఇలగ రాస్తారేటి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఐసీయూ ఫర్ జావా లైబ్రరీ 1,00,000 అని సరిగ్గా రాస్తుంది. దానంత బరువు వద్దనుకుంటే నాలుగు లైన్ల ఫంక్షన్ రాసుకోవచ్చు, నేను అదే చేశాను.

తెలుగు బిల్లు ప్రింటు మాత్రం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. నేను ప్రయత్నించిన జావా పీడీఎఫ్ లైబ్రరీలో ఒత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కకు పడ్డాయి. ఇప్పుడు హికప్‌తో ప్రింట్ పేజీ చేసి బ్రౌజర్ చేతే ప్రింట్ కొట్టిస్తున్నాను. బ్రౌజర్‌కి తెలుగు వచ్చు.

ముందు వైపు (బ్రౌజర్‌లో నడిచే భాగం) కోసం జావాస్క్రిప్ట్‌గా మారే క్లోజర్‌స్క్రిప్ట్, దాన్ని బిల్డ్ చేసే షాడో సీఎల్‌జేఎస్, స్క్రీన్లు కట్టే రీఫ్రేమ్ కొంతకాలం నడిపాను. రీఫ్రేమ్ ఆలోచన అందమైనది, కాదనను. కానీ గొడౌన్‌లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్‌లోకి అంత జావాస్క్రిప్ట్ దిగేసరికి తూకం వేసేవాడు విసుక్కుంటాడు. హెచ్‌టీఎంఎక్స్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ పెట్టి సర్వర్ నుంచి హికప్ ముక్కలు పంపడం మొదలుపెట్టాక ఆ ఫిర్యాదు తగ్గింది, రెండో బిల్డ్ పద్ధతిని మోయాల్సిన పనీ పోయింది. స్క్రీన్ మీద గ్రాఫులు లాగి ఆడుకునే అప్లికేషన్ మీది అయితే రీఫ్రేమే సరి.

అన్నీ ముందే కలిపి ఇచ్చే లూమినస్, బిఫ్ లాంటివీ ఉన్నాయి. వాటితో మొదలుపెడితే వారం ఆదా అవుతుంది. ఆ తర్వాత, మనం రాయని ఫైళ్లలో తప్పు వెతుక్కునే రోజు కూడా వస్తుంది.

రెప్ల్ (కోడ్ టైపు చేసి అక్కడికక్కడే నడిపించుకునే చోటు) గురించి అందరూ పొగుడుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నడుస్తున్న సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారిలో వెళ్లి ఒక్క ఫంక్షన్ మార్చి రావచ్చు. రెప్ల్ పోర్టుని మాత్రం బయటి ప్రపంచానికి తెరవకూడదు. మార్చింది ఫైల్లో కూడా రాయాలి, లేకపోతే రీస్టార్ట్‌తో పోతుంది.

మనుషులు దొరకరనేది నిజమే. విజయనగరంలో క్లోజర్ వచ్చినవాళ్లను వెతకడం దండగ. జావా వచ్చిన కుర్రాడిని తీసుకుని వీఎస్ కోడ్ ఎడిటర్‌లో క్లోజర్ కోసం కాల్వా అనే ఎక్స్‌టెన్షన్ పెట్టిచ్చాను. నా ఈమ్యాక్స్ ఎడిటర్ జోలికి రానివ్వలేదు. అతను భాషకన్నా ఎర్రర్ మెసేజీలకే ఎక్కువ భయపడ్డాడు. క్లోజర్ 1.10 వెర్షన్ నుంచి అవి కాస్త మెరుగయ్యాయి గానీ జావా స్టాక్ ట్రేస్ (తప్పు ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చూపే జాబితా) పొడుగు మాత్రం తగ్గలేదు. ఏ వరస చదవాలో, ఏ వరస వదిలేయాలో పక్కన కూర్చుని నేర్పించాలి.

సర్వర్ అద్దె విషయం: ఎస్‌బీసీఎల్‌తో 1 జీబీ మెమరీ ఉన్న మెషీన్ మీద నా అప్లికేషన్ తీరిగ్గా నడిచేది. క్లోజర్, పోస్ట్‌గ్రెస్ రెండూ అక్కడే ఉండాలంటే 2 జీబీ తీసుకోవాల్సి వచ్చింది. పైగా జావా ఎక్స్ఎంఎక్స్ ఆప్షన్‌తో హీప్‌కి (ప్రోగ్రాం డేటా పెట్టుకునే మెమరీకి) హద్దు పెట్టాను.