పైమెమ్ బాగుంది, రీడ్_స్ట్రింగ్ మీదే నా ఫిర్యాదు

పైథాన్ నుంచి ఇంకో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మెమరీ చదవడానికి పైమెమ్ అనే లైబ్రరీ వాడుతూ చాలాకాలమైంది. ప్రాసెస్‌ని ఎలా తెరవాలి, అంకె చదివే రీడ్_ఇంట్ ఎలా వాడాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. స్ట్రింగ్ (అక్షరాల వరుస) చదివే రీడ్_స్ట్రింగ్ అనే ఒక్క ఫంక్షన్ నన్ను పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. దాని గురించే చెప్పాలి.

నా పని చిన్నది. సోర్స్ కోడ్ దొరకని, లాగ్ రాయని ఓ పాత ప్రోగ్రామ్ ఉంది. అది ఏ స్థితిలో ఉందో చెప్పే చిన్న పదం మెమరీలో ఉంటుంది. దాన్ని సెకనుకోసారి చదివి ఫైల్లో రాసుకోవాలి, అంతే. అంతా సాఫీగా నడుస్తూ, ఎప్పుడో ఓసారి ఉన్నట్టుండి మెమరీరీడ్ఎర్రర్ వచ్చి స్క్రిప్ట్ ఆగిపోయేది. ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరిస్తే మామూలే. పోనీ అడ్రస్ తప్పా అంటే అదీ కాదు. అదే చోట, అడిగినన్ని బైట్లు ఉన్నదున్నట్టు తెచ్చే రీడ్_బైట్స్‌తో 16 బైట్లు అడిగితే ఆ పదం చక్కగా వచ్చేది.

గుట్టు ఎర్రర్ సందేశంలోనే ఉంది. అడ్రస్ పక్కన పొడవు 50, గెట్‌లాస్ట్‌ఎర్రర్ (విండోస్ ఇచ్చే ఎర్రర్ కోడ్) 299, అంటే అడిగిన దాంట్లో కొంత భాగమే అందిందని. పట్టుమని పది అక్షరాలు లేని పదానికి 50 బైట్లు ఎవరడిగారు? రీడ్_స్ట్రింగే! పొడవు మనం చెప్పకపోతే అది ముందు 50 బైట్లు తెచ్చుకుని, ఆ తర్వాత స్ట్రింగ్ ముగింపుని చెప్పే సున్నా బైట్ దగ్గర కత్తిరిస్తుంది. మెమరీ 4096 బైట్ల పేజీలుగా ఉంటుంది. ఆ పూట ఆ పదం ఒక పేజీ చివర, ఇంకా 32 బైట్లే మిగిలిన చోట పడింది. తక్కిన 18 బైట్లు పక్క పేజీలోవి. ఆ పేజీని ప్రాసెస్ అసలు కేటాయించుకోనే లేదు. పైమెమ్ లోపల వాడే విండోస్ ఫంక్షన్ రీడ్‌ప్రాసెస్‌మెమరీకి అడిగిన మేర అంతా అందుబాటులో ఉండాలి, కొంత అందకపోయినా మొత్తం విఫలమే. ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తూ కేటాయించుకునే మెమరీలో) ఆ పదం చోటు మారుతుంది కాబట్టే ఈ తంటా అప్పుడప్పుడూ మాత్రమే తగిలేది.

నియమం విండోస్‌దే, కాదనను. కానీ ఆ 50 లైబ్రరీ పెట్టుకున్నది. స్ట్రింగ్ చదివే ఫంక్షన్ అన్నాక పేజీ హద్దు దగ్గర ఆగి, అప్పటికీ సున్నా బైట్ దొరక్కపోతేనే ముందుకు పోవాలి. ఇప్పుడు నేను సొంతంగా రాసుకున్నది అదే: అడ్రస్‌ని 4096తో భాగించి, వచ్చిన శేషాన్ని 4096లోంచి తీసేసి, మిగిలినంత మేరే రీడ్_బైట్స్‌తో అడుగుతాను. కొద్ది లైన్ల కోడ్. మళ్లీ ఆ ఎర్రర్ మొహం చూడలేదు.

అక్షరానికి కనీసం రెండు బైట్లు వాడే యూటీఎఫ్-16 స్ట్రింగులకైతే ఈ ఫంక్షన్ జోలికే పోవద్దు. వాటిలో ప్రతి ఇంగ్లిష్ అక్షరానికీ ఒక బైట్ సున్నాయే, మొదటి అక్షరం దగ్గరే తెగిపోతుంది.

పైమెమ్ ఎర్రర్ సందేశాలు స్పష్టంగా ఉంటాయని చాలామందికి చెప్పాను. ఇప్పటికీ అంటాను, కాకపోతే 299 అంటే ఏమిటో ముందే తెలిసుండాలి. విండోస్ ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలిచే సీటైప్స్‌తో నేరుగా రాస్తే, ఫంక్షన్ తిరిగిచ్చే విలువ టైపు చెప్పడం మరిచినప్పుడు 64 బిట్ల అడ్రస్ సగానికి తెగిపోతుంది. ఆ బాధ ఇక్కడ లేదు. మాడ్యూల్ (ప్రోగ్రామ్ ఫైలు లేదా డీఎల్ఎల్) మెమరీలో మొదలయ్యే అడ్రస్ ఒక్క పిలుపుతో వచ్చేస్తుంది. ఇంకోటి, చదవడానికే అయినా అన్ని అనుమతులతో ప్రాసెస్‌ని తెరవడం నాకు నచ్చలేదు.

నేను చదవడమే తప్ప రాయడం దాదాపు లేదు, అదీ విండోస్‌లో, ఒక్క ప్రాసెస్‌తో. ఆ మేరకు ఇది వదులుకోను. సెకనుకు వేలసార్లు చదవాల్సినవాళ్లకు సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను.